మా ఆవిడ ఈత, నా ఎర్ర జెండా

రైలు నడపాలంటే చదువు కావాలి, కంటిచూపు పరీక్ష పాసవ్వాలి, ఏళ్ల తరబడి శిక్షణ కావాలి. రైలు ఆపడానికి మాత్రం ఒక తెలివితక్కువవాడు, మూరెడు ఎర్రగుడ్డ ఉంటే చాలు. ఈ సంగతి నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఒక ఆదివారం పొద్దున్న, మోకాళ్ల దాకా తడిసిన తెల్ల ప్యాంటుతో, మా అమ్మ సాక్షిగా, యాభై ఎనిమిది వ్యాగన్ల ఇనప ఖనిజం బండి ఎదుట నిలబడి స్వయంగా తెలుసుకున్నాను. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో మొదటి నుంచి చెబుతాను. నవ్వొస్తే మొహమాటపడకండి. మా కాలనీ అంతా ఇదివరకే నవ్వేసింది కాబట్టి, మీరు కొత్తగా తీసే పరువంటూ నా దగ్గర ఏమీ మిగల్లేదు.

నా పేరు సింహాద్రి. టాటానగర్‌లో గూడ్సు బండి గార్డుని. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి గ్యాంగ్‌మన్‌గా వచ్చి బాగ్‌బేరా రైల్వే క్వార్టర్స్‌లో స్థిరపడ్డాడు. నేను పుట్టిందీ పెరిగిందీ అక్కడే. నేను చెబుతున్న రోజులకి, మా గార్డులకు కొత్తగా ‘ట్రైన్ మేనేజర్’ అని పేరు మార్చారు. జీతం పాతదే, బండి చివర ఊగే డబ్బా పాతదే, అందులో దుమ్ము కూడా పాతదే. కానీ ఆ మేనేజరన్న మాట నా బుర్రకెక్కి కూర్చుంది. ఇంట్లో కూడా పేపరు భాష మాట్లాడటం మొదలుపెట్టాను. పాలు పొంగిపోతుంటే, “దీనికి బాధ్యులెవరు?” అని గంభీరంగా అడిగేవాణ్ణి.

“స్టవ్వు కాడ మీరే ఉన్నారు కదేటండీ,” అనేది మా ఆవిడ.

మా ఆవిడ పేరు ఈశ్వరి. వాళ్లది భావనపాడు దగ్గర సముద్రపు ఒడ్డున చిన్న ఊరు. ఆ ఊళ్లో పిల్లలకి నడక, ఈత ఒకే ఏడాది వస్తాయని మా మావగారు గొప్పగా చెప్పుకునేవాడు. అలాంటి మనిషిని నేను పెళ్లి చేసుకుని తెచ్చి క్వార్టర్లో పెట్టాను. పన్నెండేళ్లలో ఆమె చెయ్యి ముంచిన అతి లోతైన నీళ్లు మా బాత్రూంలో ఉన్న నీలం రంగు డ్రమ్ములోవి.

ఒకరోజు నది అవతల మాంగో పేటలో ఉన్న వాళ్ల పిన్నిగారింటికి ఆటోలో వెళ్తున్నాం. సువర్ణరేఖ మీద బ్రిడ్జి రాగానే ఈశ్వరి ఎప్పట్లాగే ఆటోలోంచి సగం బయటికి వంగింది.

“ఏటండీ, అటు సూడండి. ఎంత నీరో!”

“చూశాను. నీరే.”

“నీరే అంటారేటండీ! పన్నెండేళ్లయిపోనాది నాను నీళ్లలో తల ముంచి. పిల్లలిద్దరికీ ఈత రాదు. మీకెలాగూ రాదు. మీ ఇంట్లో ఉండుండి నాను కూడా మర్సిపోతానేమో అని బయ్యం ఏత్తన్నాది.”

“అవకాశం కలిసి వచ్చినప్పుడు తగు చర్య తీసుకుందాం.”

“నాకు చర్య వద్దు, నీళ్లు కావాల. ఈ వేసవి సెలవలు మొదలయ్యేలోగా ఆడది, పిల్లలు మర్యాదగా దిగే నీళ్లు ఒక్క దగ్గర సూపించండి. నేదంటే పిల్లల్ని తీసుకుని మా ఊరెల్లిపోతాను. బడి తెరిసినాకే వత్తాను.”

ఆటో డ్రైవరుకి తెలుగు రాదు. అయినా అద్దంలో నా మొహం చూసి విషయం గ్రహించి జాలిగా తల ఊపాడు.

రెండు నెలలు ఆమె లేకపోతే వంట మా అమ్మ చేతికొస్తుంది. మా అమ్మకి కూరలో ఉప్పు వేసిందో లేదో గుర్తుండదు. అనుమానం తీరేదాకా వేస్తూనే ఉంటుంది. ఆ భయం ఉంది, లేదనను. కానీ అంతకంటే పెద్ద సంగతి ఒకటి చెప్పాలి. బ్రిడ్జి దాటిపోయాక కూడా ఈశ్వరి మెడ తిప్పి వెనక్కి చూస్తూనే ఉంది. ఊరెళ్లే బండి తప్పిపోయిన మనిషి ప్లాట్‌ఫాం మీద నిలబడి చూస్తుందే, అలా చూసింది. నాకు చాలా సిగ్గేసింది. ఆ సిగ్గులోనే వేట మొదలుపెట్టాను.

మొదట టెల్కో కాలనీ వైపు ఒక క్లబ్బు ఈతకొలను గురించి వాకబు చేశాను. నీళ్లు నీలంగా, నిశ్శబ్దంగా, ఆస్పత్రి వార్డంత శుభ్రంగా ఉన్నాయి. కిటికీ వెనకాల కూర్చున్నాయన నియమాలు చదివి వినిపించాడు. నెత్తికి రబ్బరు టోపీ, ఒంటికి ఈత దుస్తులు తప్పనిసరి. చీర, నైటీ, చుడీదారు నిషేధం. ఆడవాళ్ల గంటలో పిల్లలు రాకూడదు, పిల్లల గంటలో తల్లులు గట్టు మీద కూర్చోవాలి. ఇంటికొచ్చి ఆ దుస్తులు ఎలా ఉంటాయో సగం మాటలతో, సగం చేతులతో వర్ణించాను.

ఈశ్వరి బియ్యం ఏరుతూ అంతా విన్నది. తర్వాత అంది: “మా ఊర్లో సముద్రం ఎప్పుడూ నన్ను ఏటి కట్టుకొచ్చేవని అడగలేదండి.”

తర్వాత హైవే పక్కనున్న ఒక వాటర్ పార్కుకి అందర్నీ తీసుకెళ్లాను. అందర్నీ అంటే మా అమ్మ, ఈశ్వరి, పదకొండేళ్ల కూతురు హారిక, ఎనిమిదేళ్ల కొడుకు తేజ. అక్కడ నీళ్లు మోకాలి దాకా, జనం మెడ దాకా ఉన్నారు. స్పీకర్లలో భోజ్‌పురి పాటలు పళ్లు కదిలేలా మోగుతున్నాయి. చొక్కాల్లేని కుర్రాళ్లు యాభైమంది ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి గెంతుతున్నారు.

“ఒరే సిమ్మాద్రీ,” అంది మా అమ్మ చెవులు మూసుకుని, “ఈత అన్నావు గదరా. ఇదేటి, జాతర మీద నీళ్లు పోసినట్టున్నాది!”

ఈశ్వరి చీర అంచు కూడా తడవకుండా ఇంటికొచ్చింది.

ఆపై ఆదివారం డిమ్నా సరస్సుకెళ్లాం. చుట్టూ కొండలు, మధ్యలో అద్దంలాంటి నీళ్లు. ఈశ్వరి చెప్పులు విడిచి రెండడుగులు వేసిందో లేదో, ఒక కాపలా మనిషి ఈలేస్తూ వచ్చి, ఇది ఊరికి తాగునీరు, “దేఖియే, ఉతరియే మత్” అని చేతులు జోడించాడు. చూడమన్నాడు, దిగొద్దన్నాడు. గట్టు మీద కూర్చుని మరమరాలు తిని తిరిగొచ్చాం.

“పెళ్లికి పిలిసి, బోజనాల వాసన సూపించి పంపేసినట్టున్నాది,” అంది ఈశ్వరి. పెట్టె అటక మీంచి కిందికి దింపింది. సెలవులకి ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి.

అప్పుడు దొరికింది ఆ చోటు.

మా గార్డుల ఉద్యోగం లోకాన్ని వెనక నుంచి చూడటం. బండి ముందు ఏం వస్తోందో డ్రైవరుకి తెలుస్తుంది, ఏం పోయిందో మాకు తెలుస్తుంది. ఆ వారం నా బండిని సిగ్నల్ దగ్గర గంటన్నర నిలబెట్టేశారు. నా డబ్బా సరిగ్గా ఒక వాగు బ్రిడ్జి పక్కన ఆగింది. కిందికి చూశాను. వాగు అక్కడ ఒంపు తిరిగి మడుగు కట్టింది. ఒక పక్క మెత్తటి ఇసుక, ఇంకో పక్క మద్దిచెట్ల నీడ. పల్లె ఆడవాళ్లు బట్టలు ఉతుక్కుంటూ, పిల్లలకి తల రుద్దుతూ, మధ్యమధ్య తామూ ఒక మునక వేసి వస్తున్నారు. ఒక ముసలామె నీళ్లలో కాళ్లు పెట్టుకుని హాయిగా కూర్చుంది. స్పీకరు లేదు, సీసా లేదు, చొక్కా లేని కుర్రాడు లేడు. బ్రిడ్జి దగ్గరి కిలోమీటరు రాయి నంబరు నా నోటుబుక్కులో రాసుకున్నాను. మనిషి జీవితంలో చేసిన మంచి పనులన్నీ వరసగా రాస్తే, నా జాబితా ఆ నంబరుతో మొదలై అక్కడే ముగుస్తుంది.

శనివారం సాయంత్రం ఇంట్లో అందర్నీ మంచం చుట్టూ కూర్చోబెట్టి సమావేశం పెట్టాను. నా డ్యూటీ సంచిలోంచి ఆకుపచ్చ జెండా, ఎర్ర జెండా, ఈల తీసి బల్ల మీద పేర్చాను.

“అందరూ శ్రద్ధగా వినండి. ఆకుపచ్చ జెండా చూపిస్తే నీటిలో ప్రవేశించవచ్చు. ఎర్ర జెండా చూపిస్తే తక్షణం ఒడ్డుకు చేరాలి. ఈల వినబడితే ఎక్కడివాళ్లు అక్కడ ఆగి నావైపు చూడాలి.”

“పప్పా,” అంది హారిక, “హమ్ లోగ్ మాల్‌గాడీ హై క్యా?”

మేమేమైనా గూడ్సు బండ్లమా అని దాని ప్రశ్న. నేను వినిపించుకోలేదు.

“జెండాలెందుకండీ? మీకు నోరున్నాది కదా,” అంది ఈశ్వరి.

“నీళ్ల హోరులో నోరు వినబడదు. భద్రత విషయంలో రాజీ పడకూడదు.”

“ఈత రానోరు ఈత వచ్చినోళ్లకి జెండా ఊపుతారా?”

“మేనేజరు బండి నడపడు. అయినా బండి ఎవరిది?”

మా అమ్మ ఇదంతా విని, “ఈడికి దిష్టి తగిలిందే ఈస్పరీ,” అని లేచి లోపలికెళ్లిపోయింది.

అంతటితో ఊరుకున్నానా? పల్లెలో మర్యాద దొరుకుతుందని తెల్ల యూనిఫాం ఇస్త్రీ చేయించాను. లైను పక్కన కాబట్టి టైంటేబుల్ కూడా వెతికాను. ఆదివారం పదింటి నుంచి ఒంటిగంట దాకా ఆ లైన్లో ఒక్క పాసింజరు బండి కూడా లేదు. “ఆ సమయంలో లైను ఖాళీ,” అని ప్రకటించాను.

అయ్యా, చదువుతున్నవారు ఇక్కడ ఒక్క నిమిషం ఆగి నా ఉద్యోగమేమిటో గుర్తు తెచ్చుకోండి. గూడ్సు గార్డుని. గూడ్సు బండికి టైంటేబుల్ ఉండదు. దానికి బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది, లేకపోతే నాలుగు గంటలు అలిగి కూర్చుంటుంది. పదహారేళ్లుగా అలాంటి బండి తోక పట్టుకుని తిరుగుతున్న మనిషి, తన బండి సంగతే మరిచిపోయి, మిగతా బండ్లన్నీ లెక్కేసుకున్నాడు.

ఆదివారం పదిన్నరకి వాగు దగ్గర ఆటో దిగాం. మడుగు నేను చూసినట్టే ఉంది. ఈశ్వరి మొహం చూడగానే నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. మా అమ్మ మద్దిచెట్టు కింద దుప్పటి పరిచి పులిహోర గిన్నె పక్కన కొలువుతీరింది. పిల్లలు ఇసుకలో పాదాలు మునిగే నీళ్లలో చతికిలబడ్డారు. నేను ప్యాంటు తడుపుకుంటూ, అటు ఒక కర్ర, ఇటు ఒక కర్ర పాతి, హద్దుగా తాడు కట్టే పనిలో పడ్డాను. ఈలోగా ఈశ్వరి, నేను బండిలోంచి చూసిన ఆ ముసలామె పక్కన గొంతుక్కూర్చుని ఏదో మాట్లాడింది. ముసలామె చేత్తో ఒక నల్లరాయి చూపించింది, తర్వాత నీళ్ల వైపు, తర్వాత ఆకాశం వైపు చూపించింది. ఆడవాళ్ల కబుర్లు అనుకున్నాను. తాడు ముడి గురించి తప్ప వేరే ఆలోచన లేదు నాకు.

ఈశ్వరి పాత నూలుచీర గోచీ పోసి బిగించి కట్టి నీళ్ల అంచున నిలబడింది. నేను ఆకుపచ్చ జెండా చూపించాను. దిగింది. నడుము లోతు, ఛాతీ లోతు, మెడ లోతు. వెనక్కి వచ్చేసింది. మళ్లీ జెండా, మళ్లీ దిగింది, మళ్లీ వచ్చింది. బట్టలు ఉతుకుతున్న ఆడవాళ్లు పని ఆపేసి నన్నే చూస్తున్నారు. నా క్రమశిక్షణకి అబ్బురపడుతున్నారని నా నమ్మకం.

మూడోసారి జెండా కోసం ఆమె చూడలేదు. తాడు కిందనుంచి ఒక్క మునక వేసింది.

నేను అంకెలు లెక్కపెట్టాను. పది, పదిహేను, ఇరవై. తల పైకి రాలేదు. నా ఒంట్లో నీళ్లన్నీ చెమటగా బయటికొచ్చేశాయి. అప్పుడు నల్లరాయికి అవతల, మడుగు మధ్యలో, నల్లటి జుట్టు నీళ్లను చీల్చుకుంటూ లేచింది. లేచి, బారలు వేసుకుంటూ ఇంకా అవతలికి పోతోంది!

ఈల ఊదాను. ఆమె తిరగలేదు. మళ్లీ ఊదాను. బట్టలు ఉతికే ఆడవాళ్లందరూ నావైపు తిరిగారు, ఆమె మాత్రం తిరగలేదు. ఎర్ర జెండా అందుకున్నాను. కిందనుంచి ఊపితే కనబడదని, బ్రిడ్జి పక్కనున్న గట్టు ఎగబాకి, పట్టాల పక్కన కంకర మీద నిలబడ్డాను. పట్టాలకి వీపు, మడుగుకి మొహం. ప్రమాదం ఉన్నప్పుడు ఎర్ర జెండా ఎలా ఊపాలో రూలు పుస్తకంలో ఉంది. చెయ్యి పూర్తిగా చాచి, ఒంటికి అడ్డంగా, ఆ చివర నుంచి ఈ చివరకి, గట్టిగా, ఆపకుండా ఊపాలి. అక్షరం పొల్లుపోకుండా అలాగే ఊపాను.

“ఈశ్వరీ! డేంజరు! వెనక్కి రావే!”

దూరంగా ఎక్కడో హారన్ మోగింది. బాగ్‌బేరాలో పుట్టినవాడికి రైలు హారను కాకి అరుపుతో సమానం. చెవి దాకా వస్తుంది, బుర్ర దాకా పోదు. ఇంకా గట్టిగా ఊపాను.

“పప్పా! పీఛే దేఖో!” కిందనుంచి హారిక అరిచింది.

“వెనక్కి చూడాల్సింది నేను కాదు, మీ అమ్మ!”

“పప్పా, పీఛే!” ఇద్దరూ కలిసి అరిచారు.

హారన్ ఈసారి నా వీపు మీదే మోగింది. దాని వెనకాల బ్రేకులు. ఇనుము ఇనుముతో రాసుకుంటూ, పళ్లు జిల్లుమనేలా, అర కిలోమీటరు పొడుగునా ఒక కీచు. తర్వాత వ్యాగన్లు ఒకదానికొకటి ఢీకొట్టుకుంటూ ధడ్, ధడ్, ధడ్ అని చివరిదాకా పాకిన చప్పుడు. ఆపైన నిశ్శబ్దం. మెల్లగా తిరిగి చూశాను. ముప్పై అడుగుల దూరంలో ఇంజను నిలబడి, పరుగెత్తి వచ్చిన దున్నపోతులా బుసకొడుతోంది.

ఇంజను మెట్లు దిగి ఒక మనిషి పరుగెత్తుకొచ్చాడు. మా వీధి చివర క్వార్టర్లో ఉండే లోకో పైలట్ అప్పలనాయుడు మామ. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతున్నాడు. సర్వీసులో ఒక్క మచ్చ లేని మనిషి.

“ఓరి సిమ్మాద్రీ! నువ్వేట్రా! ఏటైందిరా? పట్టా ఇరిగిపోనాదా? బ్రిడ్జి కుంగిందా?”

భయంతో నా పేపరు భాష ఎగిరిపోయింది. “నేదు మామా.”

“మరేటి? సెప్పరా బేగి!”

“ఈశ్వరి మామా...”

“ఈస్పరికేటైంది? నీళ్లలో పడిపోనాదా?”

“నేదు మామా. ఈదతన్నాది.”

మామ మడుగు వైపు చూశాడు. ఈశ్వరి వెల్లకిలా తేలుతూ ఆకాశం చూసుకుంటోంది. మామ నావైపు చూశాడు. నా చేతిలో ఎర్ర జెండా వైపు చూశాడు. నా ఇస్త్రీ యూనిఫాం వైపు చూశాడు. ఏదో అనబోతుంటే ఆయన జేబులో ఫోను మోగింది. కంట్రోలు ఆఫీసు. ఏ బండి ఎక్కడుందో చూసుకునే వాళ్లు, బండి ఆగిన మరుక్షణం పట్టుకుంటారు.

“మామా,” కాళ్ల మీద పడ్డంత పని చేశాను, “ఆవు అడ్డొచ్చిందని సెప్పీ మామా.”

“అబద్దం సెప్పమంటావేట్రా? నాకింకా నాలుగు నెల్ల సర్వీసున్నాది!” అని ఫోను చెవిన పెట్టుకున్నాడు. “హా సాబ్. హ్యాండ్ సిగ్నల్ డేంజర్ మిలా. గార్డ్ సాబ్ నే దిఖాయా. ఉన్‌కీ వైఫ్ పానీ మే హై సాబ్.”

ఫోనులోని గొంతు మా అందరికీ వినబడేంత గట్టిగా ఉంది. “డూబ్ గయీ క్యా?”

“నహీ సాబ్. తైర్ రహీ హై.”

గార్డు ఎర్ర జెండా చూపించాడు, ఆయన భార్య నీళ్లలో ఉందని మామ, మునిగిపోయిందా అని వాళ్లు, లేదు ఈదుతోందని మళ్లీ మామ. తర్వాత ఆ గొంతు, చాలా నెమ్మదిగా, అడగాల్సిన ప్రశ్నే అడిగింది.

“తో ఫిర్ గాడీ క్యోఁ రుకీ?”

ఈదుతుంటే బండి ఎందుకాగింది! మామ ఫోను నావైపు చాచాడు, నేను రెండడుగులు పక్కకి జరిగాను. ఇంజను తలుపు దగ్గర అసిస్టెంటు పైలట్ నవ్వు ఆపుకోలేక కడ్డీ పట్టుకుని వేలాడుతున్నాడు. ఈలోగా ఆ బండి గార్డు కూడా ఎండలో కంకర మీద అర కిలోమీటరు నడిచి, చెమటలు కక్కుతూ వచ్చాడు. నన్ను చూశాడు, జెండా చూశాడు, మడుగు చూశాడు. “నీళ్లు సల్లగున్నాయా?” అని మాత్రం అడిగాడు.

మా అమ్మకి ఇదంతా చుట్టపుచూపులా కనబడింది. కిందనుంచి కేకేసింది: “నాయుడూ! ఎలాగూ ఆగేవు కదా, రెండు ముద్దలు పులిహోర తినేసి ఎల్లు!”

అప్పటికి ఈశ్వరి తీరిగ్గా ఒడ్డు చేరి, చీర కొంగు పిండుకుంటూ గట్టెక్కింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, మొహం మాత్రం దీపం పెట్టినట్టు వెలుగుతోంది. ఎదురుగా కొండలా నిలబడ్డ బండిని అప్పుడు చూసింది.

“బాబాయ్! నువ్వేటి ఇక్కడ? ఈ బండెందుకు ఆగిపోనాది?”

“నీ మొగుడు ఆపీసేడమ్మా.”

“ఎందుకు?”

“నువ్వాగనేదని.”

ఈశ్వరి నన్ను చూసింది, బండిని చూసింది. తర్వాత కంకర మీదే కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఆమె అలా నవ్వగా పన్నెండేళ్లలో నేను చూడలేదు. నా ఉద్యోగం ఊడే గడియలో కూడా, ఇంత నవ్వు ఈ మనిషిలో ఇన్నాళ్లూ ఎక్కడుందా అనిపించింది. నాక్కూడా కొంచెం నవ్వొచ్చింది. కొంచెం ఏడుపూ వచ్చింది.

“మునిగిపోతావని బయమేసిందే,” అన్నాను.

“ఆ ముసలి మౌసీని అడిగే దిగేనండి. నల్లరాయి దాటితే ఇద్దరు మనుసుల లోతట. ఎండాకాలం నీళ్ల లాగుడు ఉండదట, వానలు పడితే మాత్రం దిగొద్దన్నాది. అంతా అడిగే దిగేను. ఎవుర్నీ ఏటీ అడగనోరు మీరొక్కరే.”

మామ పులిహోర పొట్లం ఒకటి తనకి, ఒకటి అసిస్టెంటుకి, ఒకటి గార్డుకి పట్టుకుని ఇంజనెక్కాడు. పంతొమ్మిది నిమిషాల ఆలస్యంతో బండి కదిలింది. నేను ఆకుపచ్చ జెండా పట్టుకుని నిలబడ్డాను. అది కూడా రూలు ప్రకారమే.

ఊహించినట్టే మూడోరోజు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. డ్యూటీలో లేని సమయంలో, యూనిఫాం ధరించి, నడుస్తున్న బండికి ప్రమాద సంకేతం చూపించుటకు కారణములు తెలుపవలెను. మూడు జవాబులు రాసి మూడూ చింపేశాను. మొదటిదాంట్లో ఆవుంది, రెండోదాంట్లో పట్టా మీద రాయుంది, మూడోదాంట్లో నాకు ఎండదెబ్బ ఉంది. ఈశ్వరి నాలుగో కాగితం నా ముందు పెట్టి, “జరిగింది రాయండి,” అంది. రాశాను. ఏ స్థలమో కూడా రాయాలి కాబట్టి కిలోమీటరు రాయి నంబరు వేశాను.

ఆ కాగితం నాలుగు బల్లలు దాటి పెద్దసారు దగ్గరకి చేరింది. నన్ను పిలిచారు. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివారు, మళ్లీ మొదటి నుంచి చదివారు.

“మీరు ఎర్ర జెండా ఊపితే మీ భార్య ఆగారా?”

“లేదు సార్.”

“బండి?”

“ఆగింది సార్.”

“అయితే సిగ్నల్‌లో లోపమేమీ లేదన్నమాట.”

ఒక గట్టి హెచ్చరిక, మూడు రోజులు ట్రైనింగ్ స్కూల్లో జెండాల పాఠం మళ్లీ. అంతటితో వదిలేశారు. నమస్కారం పెట్టి తలుపు దాకా వచ్చాను.

“ఒక్క నిమిషం,” అన్నారు సారు. కాగితం మీద నంబరుకి వేలు ఆనించి, గొంతు తగ్గించారు. “ఇక్కడ... ఆడవాళ్లు, పిల్లలు నిజంగానే దిగొచ్చా? మా ఇంట్లో రెండేళ్లుగా ఒకటే గొడవ.”

ఆయన కంటే ముందు ఆ కాగితం దాటిన నాలుగు బల్లల వాళ్లూ ఆ నంబరు రాసుకున్నారని ఆ తర్వాతి ఆదివారం తెలిసింది. వాగు దగ్గర ఏడు ఆటోలు ఆగున్నాయి. అప్పలనాయుడు మామ భార్య కూడా వచ్చింది. ఈశ్వరి ఊరెళ్లలేదు. పెట్టె మళ్లీ అటకెక్కింది. ఇప్పుడు ఎండాకాలం ఆదివారాల్లో పదిమంది ఆడవాళ్లు, ఇరవై మంది పిల్లలు నల్లరాయికి ఇవతల వరసగా నిలబడితే, ఈశ్వరి వాళ్లకి ఈత నేర్పుతుంది. మౌసీని అడగనిదే ఎవరూ నీళ్లలో కాలు పెట్టరు. మొదటి వాన పడితే ఆ ఏడాదికి ఈత బడి బంద్. హారిక చేపలా ఈదుతోంది. నాకిచ్చిన పని తువ్వాళ్లు పట్టుకోవడం.

జరిగినదానికి ప్రాయశ్చిత్తంగా, అందరి ముందూ తువ్వాళ్ల మూట మీద చెయ్యేసి నేనొక ప్రతిజ్ఞ చేశాను. రైలు పట్టాలకు అర కిలోమీటరు దూరంలోగా, డ్యూటీలో లేనప్పుడు, సింహాద్రి అను నేను, జెండా గానీ, తువ్వాలు గానీ, చేతిరుమాలు గానీ, ఖాళీ చెయ్యి గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ ఊపను. దోమ కుట్టినా, తేనెటీగలు లేచినా, చిన్ననాటి స్నేహితుడు కనబడినా, నా చేతులు నా ఒంటిని అంటిపెట్టుకునే ఉంటాయి.

మొన్న ఆదివారం ఈశ్వరి నన్ను కూడా నీళ్లలోకి దింపింది. మెడ లోతులో నిలబెట్టి, నడుం పట్టుకుని, “ఇప్పుడు ఒగ్గేత్తన్నాను. సేతులు పైకెత్తి బార ఎయ్యండి,” అంది. చెయ్యి ఎత్తబోయాను. సరిగ్గా అప్పుడే వంపు దగ్గర గూడ్సు బండి హారను మోగింది. రెండు చేతులూ తొడలకి అతికించేశాను.

“ఏటది! సేతులు ఎత్తండి! మునిగిపోతన్నారు!”

“ఎత్తను! ప్రతిజ్ఞ...” తక్కిన మాటలు వాగు మింగేసింది, నేను వాగుని మింగాను.

ఈశ్వరి కాలరు పట్టి బయటికి లాగింది. దగ్గుకుంటూ కళ్లు తెరిచి బ్రిడ్జి వైపు చూశాను. బండి ఎక్కడా ఆగకుండా, హాయిగా వెళ్లిపోతోంది. ప్రతిజ్ఞ నిలబడింది, నేనే మునిగాను.